పసుపు టేపు దాటాక

లారీ మమ్మల్ని సబ్‌స్టేషన్ రెండో గేటు ముందు దించేసరికి ఉదయం ఏడు నలభై. వాన వచ్చేలా ఉంది, రాలేదు. ఒకటే ఉక్క. వెనక పుంగ్గోల్ పేట ఫ్లాట్లు, ముందు సన్నటి సముద్రపు పాయ, మధ్యలో రెండు వరుసల ముళ్ళకంచె. కంచె లోపల బూడిదరంగు కంకర పరిచిన నేల. ఆ కంకర మీద వరసగా ట్రాన్స్‌ఫార్మర్లు. వాటి రొద ముందు కాళ్ళకు తెలుస్తుంది, తర్వాతే చెవులకు.

మొత్తం ఇరవై నలుగురం. అందరం రిజర్విస్టులం. అంటే పద్దెనిమిదేళ్ళప్పుడు రెండేళ్ళు సైన్యంలో తప్పనిసరి నేషనల్ సర్వీస్ చేసి, ఆ తర్వాత ఏడాదికోసారి ఆఫీసుకు సెలవు పెట్టి మళ్ళీ యూనిఫాం తొడుక్కునేవాళ్ళం. మా రేడియో చూసే సిగ్నలర్ టాక్సీ నడుపుతాడు. మా మెడిక్ టోవా పాయోలో మందుల షాపులో పనిచేస్తాడు. నాది బ్యాంకులో కంప్యూటర్ల పని. వయసు ముప్ఫై తొమ్మిది, హోదా సార్జెంట్. నాకు ఇదే ఆఖరి డ్యూటీ. పద్దెనిమిది రోజులు.

మనిషికి ఒక రైఫిలు, హెల్మెట్, ఛాతీకి కవచం, లీటరు నీళ్ళ సీసాలు రెండు. ఎండలో నిలబడ్డవాడు గంట గంటకూ నీళ్ళు తాగాలని ఆర్డరు. మెడిక్ పోస్టు పోస్టుకూ తిరిగి సీసా ఎత్తి చూసేవాడు. నిండుగా కనబడితే తమిళంలో తిట్టేవాడు.

ఎనిమిదింటికి లెఫ్టినెంట్ మమ్మల్ని నిలబెట్టి బ్రీఫింగ్ ఇచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, మాటలో తడబాటు లేదు. దేశమంతా కరెంటు వ్యవస్థ మీద దాడి జరిగితే ఎలా నిలబడాలో డ్రిల్ జరుగుతోందనీ, ఆ డ్రిల్ ముగిసేదాకా ఈ కంచె మాదేననీ చెప్పాడు.

"శత్రువు డ్రోన్‌తో రావచ్చు. కంప్యూటర్‌లోంచి రావచ్చు. కాంట్రాక్టర్ పాస్ మెడలో వేసుకుని నవ్వుతూ రావచ్చు," అన్నాడు. "గేటు దగ్గర ఎవర్నీ నమ్మొద్దు."

నాకు ఆ పాఠం అక్కర్లేదు. నా శత్రువు డ్రోన్‌తో రాలేదు. ఎక్స్‌కవేటర్ బకెట్‌తో వచ్చాడు.

అదేమిటో ఇక్కడే చెప్పేస్తాను. అంతకు రెండేళ్ళ ముందు మా నాన్న బుకిట్ పంజాంగ్‌లో మా ఫ్లాట్లో పోయారు. పద్నాలుగో అంతస్తు. ఊపిరితిత్తులు దెబ్బతిని ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతున్న మనిషి. గోడకు ప్లగ్గు, ప్లగ్గుకు మిషన్, మిషన్ నుంచి ముక్కుకు గొట్టం. ఒకరోజు మధ్యాహ్నం మూడు పదికి కరెంటు పోయింది. వీధి చివర డ్రైనేజీ కోసం తవ్వుతున్నవాళ్ళు భూమిలో ఉన్న కేబుల్‌ను తెంపేశారు. ఈ ఊళ్ళో కరెంటు పోవడం ఎవరికి అలవాటు? ఇప్పుడే వచ్చేస్తుందిలే అనుకుంది అమ్మ. లిఫ్టు ఆగింది. అంబులెన్సు వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి ఆలస్యమైంది. నాలుగు యాభైకి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, టీవీ దానంతటదే మోగింది, నాన్న లేరు.

పదమూడో రోజు కార్యక్రమాలు అయ్యాక ఆ తవ్వకం పని సూపర్‌వైజర్ మా ఇంటికి వచ్చాడు. తెలుగువాడే. పాలకొల్లు వైపు. యాభై ఏళ్ళుంటాయి. ఒక డబ్బా కమలాపళ్ళు తెచ్చాడు. "మావాళ్ళ తప్పేమీ లేదమ్మా. ఆపరేటర్ మేం గీసిన గీత దాటి తవ్వేశాడండి. బుర్ర తక్కువ మనిషి. ఇంటికి పంపించేశామండి," అన్నాడు. అమ్మ కాఫీ పెట్టింది. గుండుతో ఉన్న నేను ట్రే పట్టుకొచ్చి ఆ కప్పు అతని చేతికి ఇచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

ఎందుకంటే తర్వాత విచారణ కాగితాలు వచ్చాయి. వాటిని నేను అక్షరం అక్షరం నమిలి మింగాను. కేబుల్ దగ్గర మెషిన్‌తో తవ్వే ముందు చేత్తో ఒక పరీక్ష గొయ్యి తవ్వాలి. కేబుల్ ఎక్కడుందో కళ్ళారా చూడాలి. ఆ గొయ్యికి ఫోటో తీసి, కింద సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి. ఇక్కడ అదే పద్ధతి. ఆ కాగితాల్లో ఆ ఫోటో ఉంది. ఎర్రమట్టి గొయ్యి, అందులో కేబుల్ ఏమీ లేదు, అంచుకు ఆనించిన చంకోల్. చంకోల్ అంటే మన పారే. మలయ్ మాట. ఇక్కడ తవ్వకం పనిలో ఏ దేశంవాడైనా అదే అంటాడు. ఆ చంకోల్ పిడికి నీలం టేపు చుట్టి ఉంది. ఆ ఫోటో నిజమే అని రాసి, తప్పంతా ఆపరేటర్ మీదికి నెట్టి విచారణ మూసేశారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మా వీధి మట్టి అంత ఎర్రగా ఉండదు. ఆ మాట ఎవరికి చెప్పినా జాలిగా చూశారు.

"పోయినవాళ్ళు ఎలాగూ రారు, పగ దేనికి బాబూ," అని ఇప్పటికీ విందుల్లో ఎవరో ఒక ఆంటీ అంటుంది. ఆవిడ ఇంట్లో కరెంటు పోలేదు మరి.

డ్యూటీ సంగతికి వస్తాను. నేను పగటి గార్డ్ కమాండర్‌ని. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం మూడు. పాస్‌లు చూడటం, ఫోన్లు తీయించి పెట్టెలో పెట్టించడం, లాగ్ రాయడం, ఎమర్జెన్సీ జనరేటర్‌లో డీజిల్ కొలవడం. జనరేటర్ ట్యాంకులో కర్ర ముంచి తడి ఎక్కడిదాకా ఉందో చూడాలి. మూడో రోజు ఒకడు కర్ర ముంచకుండానే నిన్నటి అంకె రాసి సంతకం చేశాడు. వాణ్ణి ఎండలో నిలబెట్టి కడిగేశాను. "నీ సంతకం నమ్మి ఎవడో ఊపిరి పీలుస్తుంటాడురా," అని అరిచాను. వాడు బిత్తరపోయాడు. సిగ్నలర్ మెల్లగా, ఇక్కడి యాసలో సాగదీస్తూ, "సార్జెంట్, డీజిలే కదా లా," అన్నాడు.

అంత కోపం ఎందుకంటే, ముందు రోజే సూపర్‌వైజర్ గేటు దగ్గరికి వచ్చాడు.

రెండో రోజు, ఉదయం ఎనిమిది పదిహేను. లోపల వాననీటి గొట్టాలు వేసే పని. ముగ్గురు వర్కర్లు, ఒక చిన్న ఎక్స్‌కవేటర్, ఒక లారీ. లారీ ముందు సీట్లోంచి దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. అదే పొట్ట, అదే చొక్కా జేబులో రెండు పెన్నులు. హెల్మెట్ కింద నన్ను అతను పోల్చుకోలేదు. అప్పుడు గుండు, ఇప్పుడు గడ్డం. నా ఛాతీ మీద ఇంటిపేరు మాత్రం చదివాడు. మొహం విప్పారింది.

"సార్ తెలుగోరాండీ? అబ్బ, ప్రాణం లేచొచ్చిందండి. మాది పాలకొల్లు దగ్గరండి. తమరిదెక్కడండి?"

"బుకిట్ పంజాంగ్," అన్నాను.

అతను పడీ పడీ నవ్వాడు. "బాగా చెప్పారండి," అన్నాడు.

ఆ రోజు నుంచి అతనికి నరకం చూపించాను. పాస్ మీద ఫోటో మసకగా ఉందన్నాను. బూట్లు విప్పించాను. లారీలో సామానంతా దించి మళ్ళీ ఎక్కించమన్నాను. ఒకరోజు ఇరవై ఐదు నిమిషాలు ఎండలో నిలబెట్టాను. అన్నీ రూలు ప్రకారమే. రూలు పుస్తకం అంత రుచిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అతను మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. తోటి తెలుగువాడు కదా, నలుగురి ముందూ కఠినంగా ఉండక తప్పదులే, లోపల మాత్రం మనవాడే అనుకున్నాడు. ఆరో రోజు పులిహోర డబ్బా తెచ్చాడు.

"డ్యూటీలో తినం," అన్నాను.

"ఆయ్, తెలుసండి. పక్కన పెట్టుకోండి. మనోళ్ళు మనోళ్ళేనండి," అన్నాడు.

ఆ 'మనోళ్ళు' అన్న మాటే అతని కొంప ముంచింది.

పదకొండో రోజు. ఉదయం తొమ్మిది యాభై. మబ్బు లేదు. గార్డ్‌రూమ్ గోడ మీద థర్మామీటర్ అప్పటికే ముప్ఫై మూడు చూపిస్తోంది. ఆ రోజు గొట్టాల పని ఉత్తరపు కంచె దగ్గర. అక్కడ భూమిలో పెద్ద కేబుల్ పోతోందని ప్లాన్‌లో ఉంది. ఆర్డరు స్పష్టం. పరీక్ష గొయ్యిని గార్డ్ కమాండర్ తన కళ్ళతో చూసి లాగ్‌లో రాసేదాకా ఎక్స్‌కవేటర్ తాళంచెవి గార్డ్‌రూమ్ పెట్టెలోనే ఉండాలి. మామూలుగా సబ్‌స్టేషన్ డ్యూటీ ఇంజినీర్ కూడా వచ్చి చూస్తుంది. ఆవిడ డ్రిల్ కోసం కంట్రోల్ రూమ్‌కి వెళ్ళింది, రెండింటికి గానీ రాదు.

సూపర్‌వైజర్ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, మీరు మనోళ్ళు కాబట్టి చెప్తున్నానండి. ఈ కంకరలో గొయ్యి తవ్వితే సగం రోజు పోద్దండి. గొయ్యి ఫోటో పేపర్ల వెనకాల పెట్టేశానండి. తాళం ఇచ్చేయండి, గంటలో తేల్చేస్తాం. మేడమ్‌కి నేను చెప్పుకుంటానండి."

కాగితాలు తిప్పాను. ఆఖరి పేజీలో రంగు ప్రింటు. ఎర్రమట్టి గొయ్యి. అంచుకు ఆనించిన చంకోల్. పిడికి నీలం టేపు.

 ఆ ఫోటోని నేను రెండేళ్ళు చూశాను. కళ్ళు మూసుకున్నా కనబడే ఫోటో. నాన్నను చంపిన గొయ్యి, అసలు మా వీధిలో ఎప్పుడూ తవ్వని గొయ్యి, ఇప్పుడు బూడిదరంగు కంకర నేలలో తవ్వినట్టు నా ముందుకు వచ్చింది. ఎవరో ఎక్కడో ఎప్పుడో తవ్విన ఒక గొయ్యిని ఈ మనిషి సంచిలో వేసుకుని ఊరంతా తిరుగుతున్నాడు. అడ్డంగా దొరికాడు దొంగ వెధవ.

నేను చేయాల్సింది ఏమిటో నాకు తెలుసు. రేడియో తీసి లెఫ్టినెంట్‌కు చెప్పాలి. ఆ కాగితం కవరులో పెట్టి సీలు వేయాలి. రెండు నిమిషాల పని.

కాగితం మడిచి ఛాతీ జేబులో పెట్టుకున్నాను. నవ్వాను. అతనితో నవ్వడం అదే మొదలు.

"ఫోటో బాగుందండీ. కానీ గొయ్యి కళ్ళతో చూడాలని నా ఆర్డరు. తవ్వండి."

"ఆయ్, అలాగేనండి," అని వర్కర్ల వైపు చెయ్యి ఊపాడు. వాళ్ళు లేచారు.

"వాళ్ళు కాదు," అన్నాను. "గొయ్యి చూశానని సంతకం మీది. మీరు తవ్వండి. రెండింటికి మేడమ్ వస్తుంది. ఆవిడకు ఈ ఫోటో చూపించమంటారా, గొయ్యి చూపించమంటారా?"

అతను నా మొహం చూశాడు.  ఆ తర్వాత చొక్కా జేబులోంచి పెన్నులు తీసి వర్కర్‌కు ఇచ్చి చంకోల్ అందుకున్నాడు.

పది ఇరవైకి మొదలుపెట్టాడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు. నేను సిగ్నలర్‌ని గార్డ్‌రూమ్‌లో కూర్చోబెట్టి ఉత్తరపు కంచె దగ్గర నిలబడ్డాను. ముగ్గురు వర్కర్లూ లారీ నీడలో కూర్చున్నారు. తెలంగాణ వైపు మనుషులు. వాళ్ళకు పండగలా ఉంది.

"మన సారు తవ్వుతుండు సూడుర్రి," అన్నాడు ఒకడు.

"గట్ల కాదు సార్, నడుం వంచాలె," అన్నాడు ఇంకొకడు. అందరూ కిసకిసలాడారు.

కంకర తీయడానికే అరగంట పట్టింది. కింద గట్టి మట్టి. పదకొండింటికి అతని చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. అరచేతులు పొక్కి చితికాయి. పిడి మీద తడి కనబడింది. నాకు సంతోషంగా ఉంది. దాచను. రెండేళ్ళలో మొదటిసారి ఛాతీలో బరువు దిగినట్టు అనిపించింది.

పదకొండు ముప్ఫై ఐదు. అరవై సెంటీమీటర్ల లోతు. చంకోల్ అంచుకు పసుపు రంగు ప్లాస్టిక్ టేపు చిక్కింది. కేబుల్ మీద హెచ్చరికగా పరిచే టేపు. దాని మీద ప్రమాదం అని నాలుగు భాషల్లో రాసి ఉంది. అంటే సరిగ్గా కిందే కేబుల్. ఎక్స్‌కవేటర్ దిగాల్సింది కూడా సరిగ్గా అక్కడే. పుంగ్గోల్ ఫ్లాట్లకు కరెంటు పోయే కేబుల్ అది. తాళంచెవి ఇచ్చి ఉంటే ఈపాటికి అక్కడ ఎన్ని లిఫ్టులు ఆగి ఉండేవో, ఎన్ని ఇళ్ళలో ఎన్ని మిషన్లు ఆగి ఉండేవో.

అక్కడితో రుజువు అయిపోయింది. డ్యూటీ ప్రకారం అక్కడ ఆపాలి.

"తవ్వు," అన్నాను.

అప్పటిదాకా మీరు అన్నాను. అప్పుడు నువ్వు అన్నాను. అతనికి తెలిసింది. తలెత్తి చూశాడు.

"టేపు వచ్చేసింది కదండీ. కేబుల్ ఉన్నట్టేనండి. నా పొరపాటేనండి. ఒప్పుకుంటున్నాను కదండీ."

"టేపు కాదు. కేబుల్ మీద కాంక్రీటు పలక ఉంటుంది. అది చూపించు. నెమ్మదిగా గీకు. పలక పగిలితే ముందు పోయేది నువ్వే."

పదకొండు యాభైకి మెడిక్ వచ్చాడు. గొయ్యి చూశాడు, నన్ను చూశాడు.

"సార్జెంట్, అంకుల్‌కి బ్రేక్ ఇవ్వాలి లా. సైనికులకే ముప్పావుగంట పని, పావుగంట నీడ."

"అతను సైనికుడు కాదు. నీ పోస్టు చూసుకో. ఇక్కడ నేను చూసుకుంటాను."

"షూర్ ఆ?"

"షూర్."

వెళ్ళాడు. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

పన్నెండుంపావుకు తొడల లోతు వచ్చింది. అతను చంకోల్ మీద ఒరిగి రొప్పుతున్నాడు. అప్పుడు నేను గొయ్యి అంచున గొంతుక్కూర్చున్నాను. జేబులోంచి కాగితం తీసి అతని కళ్ళ ముందు పట్టుకున్నాను.

"ఈ గొయ్యి ఎక్కడిది?"

అతను చూపు మట్టి మీదికి దించాడు.

"బుకిట్ పంజాంగ్‌లో కూడా ఇదే పెట్టావు కదరా. ఆపరేటర్ గీత దాటాడన్నావు. మా అమ్మ చేతి కాఫీ తాగి మరీ అన్నావు. కప్పు నీ చేతికిచ్చింది నేనే."

అతను తలెత్తాడు. పెదవులు తడుపుకోబోయాడు, నాలుక రాలేదు. మెల్లగా నిజం చెప్పాడు. ఆ రోజు వాన పడిందట. గొయ్యిలో నీళ్ళు నిండుతున్నాయట. పై నుంచి తొందర పెట్టారట. ఎప్పటిదో పాత ఫోటో పెట్టేశాడట. ఆపరేటర్ గీత మీదే తవ్వాడట. గీతే తప్పు చోట గీశాడట. ఇంతా చెప్పి, నన్ను ఒక ప్రశ్న అడిగాడు.  ఆ ప్రశ్న నా రిపోర్టులో లేదు.

"తవ్వు," అన్నాను.

లారీ నీడలో నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి. వాళ్ళలో పెద్దవాడు లేచి రెండడుగులు వేశాడు. చేతిలో నీళ్ళ సీసా ఉంది.

"సార్, జర నీళ్ళన్న ఇయ్యనియ్యిండ్రి. మనిషి ఆగమైతుండు."

"కూర్చో," అన్నాను. నా భుజాన రైఫిలు ఉంది. ఆ పెద్దమనిషి కూర్చున్నాడు. రైఫిలు చూసి కాదు, నా మొహం చూసి కూర్చున్నాడనుకుంటాను.

పన్నెండు నలభైకి తొంభై సెంటీమీటర్లు. చంకోల్ అంచు ఠంగుమంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో మట్టి తుడిచాడు. కాంక్రీటు పలక బయటపడింది. దాని మీద రెండు అరచేతులూ ఆన్చి అలాగే ఉండిపోయాడు. కింద కేబుల్లో కరెంటు రొద అతని చేతులకు తెలుస్తూ ఉండి ఉంటుంది. పన్నెండు యాభైకి పక్కకు ఒరిగాడు.

మెడిక్ ఎక్కడి నుంచి చూశాడో, పరిగెత్తుకొచ్చి గొయ్యిలోకి దూకాడు.

"చెమట ఆగిపోయింది! ఒళ్ళు కాలిపోతోంది! సార్జెంట్, రేడియో!"

నేను కదల్లేదు. మెడిక్ నా భుజం మీది హ్యాండ్‌సెట్ లాక్కుని తనే కమాండ్ పోస్టుతో మాట్లాడాడు.

"జీరో, గేట్ టూ మెడిక్. ఒక సివిలియన్, ఎండదెబ్బ, స్పృహ లేదు. అంబులెన్స్ కావాలి. ఇప్పుడే కావాలి. ఓవర్."

"జీరో, అర్థమైంది. గార్డ్ కమాండర్ ఎక్కడ? ఓవర్."

మెడిక్ నన్ను చూశాడు. "ఇక్కడే ఉన్నాడు. ఓవర్," అన్నాడు.

అతను చావలేదు. రెండు రోజులు ఐసీయూలో, వారం వార్డులో ఉన్నాడు. నేను ఫోటో కాగితం, విచారణ ఫైల్లోని ఫోటో కాపీ, రెండూ పక్కపక్కన పెట్టి లెఫ్టినెంట్‌కు ఇచ్చాను. డ్యూటీ ఇంజినీర్ రెండింటికి వచ్చి పలక చూసి, తల పట్టుకుని కంకర మీద కూర్చుంది. "బకెట్ పడి ఉంటే," అంది.  ఆ తర్వాతి నెలల్లో నాన్న కేసు తిరగదోడారు. అతని లైసెన్సు పోయింది, కేసు నడిచింది, కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. ఈ దేశంలో అతను ఇంకెప్పుడూ ఏ గొయ్యికీ సంతకం పెట్టలేడు. ఇంటికి పంపించేసిన ఆపరేటర్ నంబరు కష్టపడి సంపాదించి ఫోన్ చేశాను. జగిత్యాల వైపు మనిషి. "ఇప్పుడు తెలిసిందా సార్, నేను గీత దాటలేదని," అన్నాడు. "అప్పుడు మీ అమ్మగారికి ఆ మాట చెప్పుకుందామని మీ ఇంటికి వచ్చిన. ముఖం సూపిచ్చెటందుకు ధైర్యం సాలక లిఫ్టు కాడికెల్లే ఎనుకకు మల్లిన." 

అవన్నీ జరగకముందే, డ్యూటీ పద్నాలుగో రోజు లెఫ్టినెంట్ నన్ను టేబుల్ ముందు నిలబెట్టాడు. లాగ్ పుస్తకం తెరిచి ఉంది.

"టేపు ఎన్నింటికి కనబడింది?"

"పదకొండు ముప్ఫై ఐదు, సర్."

"మనిషి పడిపోయింది?"

"పన్నెండు యాభై."

"ఆ మధ్యలో ఏం చేశావు?"

"చూశాను, సర్."

అతను పెన్ను కింద పెట్టాడు. "మంచి సార్జెంట్‌వి అనుకున్నాను," అన్నాడు. గార్డ్ కమాండర్ పని తీసేశారు. నా రికార్డులో తీవ్రమైన మందలింపు రాశారు. మిగిలిన నాలుగు రోజులూ కంచె పక్కన అందరిలా నిలబడ్డాను. మెడిక్ నా సీసా చూడటానికి వచ్చేవాడు. చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. తిట్టినా బాగుండేది.

పద్దెనిమిదో రోజు మధ్యాహ్నం నాలుగింటికి సామాను అప్పగించాను. రైఫిలు, హెల్మెట్, కవచం, సీసాలు రెండు. సంతకం. పుంగ్గోల్‌లో రైలెక్కి, రెండు లైన్లు మారి బుకిట్ పంజాంగ్‌లో దిగాను. ఫ్లాట్ల కింద తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్లో జనం టిష్యూ ప్యాకెట్లు పెట్టి, ఇది మాదేనని బల్లలు చోప్ చేసుకుంటున్నారు. అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. లిఫ్టు వెంటనే వచ్చింది.

ఫోన్లో సగం విన్న అమ్మ తలుపు తీసి, నేను బూట్లు విప్పకముందే అడిగింది.

"ఒప్పుకున్నాడంట్రా?"

"ఒప్పుకున్నాడమ్మా."

"ఏడ్చాడా?"

"లేదు. పడిపోయాడు."

 "మంచి పని అయ్యింది," అని అమ్మ లోపలికి వెళ్ళి అన్నం వడ్డించింది. నేను తిన్నాను. ఆకలిగానే తిన్నాను. మా ఇంట్లో ఎవరూ అతని మీద జాలిపడలేదు. ఇప్పటికీ పడం. మళ్ళీ అతన్ని ఆ గేటు దగ్గర నా చేతికిస్తే, మళ్ళీ చంకోల్ ఇస్తాను.

కానీ ఆ ప్రశ్న ఒకటి ఉంది. అమ్మకు చెప్పలేదు, లెఫ్టినెంట్‌కు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎవరి కొడుకునో తెలిశాక అతను చంకోల్ వదిలేసి గొయ్యి అంచు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కనుబొమల మీద మట్టి. దండం పెట్టలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు ముడిపడిన మొహంతో అడిగాడు.

"గంటా నలభై నిమిషాలు కదండీ పోయింది. అలాంటి మిషన్ ఉన్న ఇంట్లో స్పేర్ సిలిండర్ ఒకటి పెడతారంటారు కదండీ. మీ ఇంట్లో లేదా, బాబూ?"

దెప్పిపొడుపు కాదు. నిజంగా తెలియక అడిగాడు.

ఉంది. నాన్న మంచం వెనకాల గోడకు ఆనించి ఉంది. నెలకోసారి దాని మీటరు చూసి, తగ్గితే మార్పించడం నా పని. ఏడు నెలలుగా నేను చూడలేదు. ఈ ఊళ్ళో కరెంటు ఎందుకు పోతుందిలే అనుకున్నాను. ఆ రోజు అమ్మ తిప్పితే అందులో ఏమీ లేదు. అమ్మ ఆ సంగతి ఇంతవరకూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. నా దగ్గర కూడా.

"కాసిని నీళ్ళుంటే ఇప్పించండి బాబూ," అన్నాడు ఆ వెంటనే.

నా సీసా నిండుగా ఉంది. మూత తిప్పాను. అతను చెయ్యి చాచాడు. అతని కళ్ళలోకి చూస్తూ నేనే ఎత్తి తాగాను, ఆఖరి చుక్కదాకా. నేను గుటక వేసినప్పుడల్లా కింద గొయ్యిలో అతని గొంతు కూడా కదిలింది. నోట్లో ఏమీ లేకుండానే అతను నాతోపాటు గుటకలు మింగాడు.